నట్టలకు ఆకు మందు: పనిచేస్తుందో లేదో తేల్చేదెలా?

గొర్రెలు, మేకల్లో నట్టల నివారణకు మొక్కల మందుల గురించి అడిగిన ఉత్తరాలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం. రాసినవాళ్లలో మంద కాసేవాళ్లున్నారు, ప్రయోగశాలలో పరీక్షలు చేస్తున్న విద్యార్థులున్నారు. ఒకరికిచ్చిన జవాబు మరొకరికీ పనికొస్తుంది కనుక అన్నీ చదవమని మనవి.

ప్రశ్న: మాకు 120 గొర్రెలున్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి కొన్నింటికి దవడ కింద నీరు దిగుతోంది. ఆల్బెండజోల్ తాగించినా తగ్గలేదు. పక్క మంద వాళ్లు వేపాకు రసం తాగిస్తున్నారు. ఇంగ్లిష్ మందు మానేసి మేమూ వేపకు మారొచ్చా?
– గొర్రెల పెంపకందారు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఇప్పుడు మారవద్దు. దవడ కింద నీరు దిగిందంటే ఒంట్లో రక్తం, ప్రొటీన్ బాగా పడిపోయాయని అర్థం. ఆ జీవానికి ప్రయోగాలు చేసి చూసేంత వ్యవధి ఉండదు. వానాకాలంలో ఇలా కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది హీమాంకస్ కంటార్టస్ అనే నట్టను. ఇది గొర్రె నాలుగో పొట్టలో గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. ఒక్కో నట్ట వల్ల రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పోతుంది. వెయ్యి నట్టలుంటే 50 మి.లీ. అన్నమాట. ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. తడి, వెచ్చదనం ఉంటే ఆ గుడ్లు వారం రోజుల్లోనే మేతకు అంటుకునే లార్వాలవుతాయి. వానలు పడ్డ నెలకల్లా మందంతా నీరసించడానికి కారణం ఇదే.

అయితే కార్జపు జలగ ఉన్నా దవడ కింద నీరు దిగుతుంది. నట్టల మోతాదులో ఇచ్చే ఆల్బెండజోల్‌కు జలగలు, ముఖ్యంగా పిల్ల జలగలు, లొంగవు. కాబట్టి పది జీవాల పెంటికలు పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లి ఏ గుడ్లున్నాయో చూపించుకోండి. హీమాంకస్ అయితే డాక్టరు గారు వేరే తరగతి మందు రాస్తారు. లెవామిజోల్ కిలో బరువుకు 7.5 మి.గ్రా., క్లోసాంటెల్ 10 మి.గ్రా. చొప్పున ఇవ్వడం వాడుక. క్లోసాంటెల్ ఎక్కువైతే చూపు పోతుంది, అందుకని బరువు తూచే ఇవ్వాలి.

ఆల్బెండజోల్ నిజంగానే పనిచేయడం లేదా, లేక తాగించడంలో లోపమా అన్నది వేరుగా తేల్చుకోవాలి. సీసా కుదపకపోతే మందు అడుగుకు దిగిపోతుంది, మొదట తాగిన గొర్రెలకు దక్కేది పైనున్న నీళ్లే. బరువు కంటితో అంచనా కడితే పెద్ద పొట్టేళ్లకు మోతాదు చాలదు. ఈ రెండూ సరిచేసుకుని, గ్రాము పెంటికలో కనీసం 150 గుడ్లున్న 10–15 గొర్రెలకు చెవి గుర్తులు పెట్టి, తూచి తాగించండి. 14 రోజుల తర్వాత అవే గొర్రెల పెంటికలు మళ్లీ చూపించండి. గుడ్లు 95 శాతం కంటే తక్కువగా తగ్గితే మందు తట్టుకునే నట్టలు మీ మందలో పెరిగాయని అనుమానించాలి.

వేప సంగతికి వస్తే: కెన్యాలో హీమాంకస్ సోకిన గొర్రెల మీద వేప, సీతాఫలం సహా ఏడు మొక్కలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. అక్కడి కాపరులు నమ్మకంగా వాడే మొక్కలే అవన్నీ. గుడ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తగ్గుదల దేనితోనూ కనిపించలేదు. ప్రయోగశాల పళ్లెంలో మాత్రం వేప సారం లార్వాలను చంపుతుంది. రెండింటికీ అంత తేడా ఎందుకో కింది జవాబుల్లో ఉంది.

ప్రశ్న: మా ప్రాజెక్టులో కానుగ ఆకు సారాన్ని వానపాముల మీద పరీక్షించాం. ఆల్బెండజోల్ కంటే ముందే చనిపోయాయి. దీన్ని నట్టల మందు అని రాయొచ్చా?
– బి.ఫార్మసీ విద్యార్థులు, గుంటూరు

జవాబు: రాయకూడదు. వానపాము నట్టలకు చుట్టం కాదు. అది మట్టిలో బతుకుతుంది, తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. అందుకే ఉప్పు ఎక్కువైనా, పులుపు ఎక్కువైనా, సబ్బులాంటి నురగ పదార్థం తగిలినా చచ్చిపోతుంది. నట్ట ఒంటి మీద దళసరి క్యూటికిల్ ఉంటుంది. పైగా అది గొర్రె పొట్టలోని ఆమ్లానికి అలవాటు పడిన ప్రాణి. ఆల్బెండజోల్ కూడా నట్ట కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, దాన్ని పస్తు పెట్టి నెమ్మదిగా చంపే మందు. గంటలోపు చావు చూసే పరీక్షలో అది వెనకబడటం సహజం. దాన్ని ఓడించడం మీ సారం గొప్పతనం కాదు.

ఇంత పని చేశారు కనుక ఒక్క అడుగు ముందుకు వేయండి. సారం పి.హెచ్. కొలవండి. అదే పి.హెచ్.కు తెచ్చిన ఉప్పునీటిలో కొన్ని వానపాములను వేసి చూడండి. అవీ చస్తే మీరు కొలిచింది పులుపునే. దగ్గరలోని పశువైద్య కళాశాల పరాన్నజీవుల విభాగంతో మాట్లాడి గుడ్ల పరీక్షకు, అంటే సారంలో ఉంచిన నట్ట గుడ్లు పగిలి లార్వాలు (పిల్ల నట్టలు) బయటికొస్తాయో లేదో చూసే పరీక్షకు, మారండి. ఖర్చు పెద్దగా పెరగదు, ఫలితానికి విలువ మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న: హీమాంకస్ గుడ్ల మీద సారం పరీక్ష చేస్తున్నాను. పరీక్ష పళ్లెంలో మందు కలపని, ఉత్త నీరున్న గుంటల్లోనే దాదాపు సగం గుడ్లు పగలడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఎం.వి.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: నీటి గుంటల్లో కనీసం 90 శాతం గుడ్లైనా పగలకపోతే ఆ రోజు పళ్లెం మొత్తం పక్కన పెట్టాల్సిందే. సగమే పగిలిన చోట సూత్రాలతో సవరించి లెక్క తేవడం సరికాదు. మొదటి నుంచి వరసగా వెళ్తే తప్పు దొరుకుతుంది.

పెంటికలు నేల మీద నుంచి ఏరకుండా పురీషనాళం నుంచే తీయాలి. తీసినవాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. హీమాంకస్ వేడి ప్రాంతపు నట్ట, దాని గుడ్లు చలికి చస్తాయి. అలాగని గది వేడిలో ఎక్కువసేపు ఉంచితే గుడ్డు లోపల ఎదుగుదల మొదలై మందుకు స్పందించే తీరు మారిపోతుంది. సేకరించిన మూడు గంటల్లోపు గుడ్లు పళ్లెంలో పడాలి.

10–20 గ్రాముల పెంటికలను గోరువెచ్చటి నీటిలో మెత్తగా నలిపి 150 మైక్రాన్ల జల్లెడలో, తర్వాత 75 మైక్రాన్ల జల్లెడలో నీళ్లు ధారాళంగా పోస్తూ వడపోయాలి. చివర 25 మైక్రాన్ల జల్లెడ పెడితే గుడ్లు దాని మీద నిలుస్తాయి. హీమాంకస్ గుడ్డు సుమారు 75 మైక్రాన్ల పొడవు, 45 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. పొడవు జల్లెడ కన్నుతో సమానమైనా, నీటి ధారలో వెడల్పు వైపు తిరిగి జారిపోతుంది. 75 జల్లెడ మీద మిగిలిన పిప్పిని మరో రెండుసార్లు కడగకపోతే గుడ్లు బోలెడు పోతాయి.

తర్వాతిది ఉప్పు ద్రావణంలో తేల్చడం. మీ సమస్య ఎక్కువగా ఇక్కడే ఉండొచ్చు. లీటరు నీటికి 400 గ్రాముల ఉప్పు వేసి మరిగించి చల్లార్చితే సాంద్రత 1.2 వస్తుంది. ఆ ఉప్పునీటిలో గుడ్లు ఎంతసేపు ఉంటే అంత నష్టం, ఎందుకంటే గుడ్డులోని నీటిని ఉప్పు లాగేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో అయిదు నిమిషాలు తిప్పి పైపొర వెంటనే తీసేయాలి. 25 మైక్రాన్ల జల్లెడ మీద డిస్టిల్డ్ నీటితో ఉప్పు పూర్తిగా పోయేదాకా కడగాలి. కడగడానికి కొళాయి నీళ్లు వాడుతున్నారేమో చూసుకోండి, అందులో క్లోరిన్ ఉంటుంది.

24 గుంటల పళ్లెంలో గుంటకు 100–150 గుడ్లు చాలు. 0.5 మి.లీ. గుడ్ల నీరు, 0.5 మి.లీ. సారం కలుపుతారు కనుక సారం రెట్టింపు గాఢతలో చేసుకోవాలి. ఇది మరిచి, అసలున్న గాఢతకు రెండింతలు రాసేవాళ్లున్నారు. పళ్లెం అడుగున తడి దూది పెట్టిన మూత డబ్బాలో 26 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచండి. వేసవిలో ఇంక్యుబేటర్ మూత తీస్తూ మూస్తూ ఉంటే అంచు గుంటలు ఆరిపోయి అక్కడి గుడ్లే పగలవు. పగలనివి అంచుల్లోనే ఉన్నాయా, అన్నిచోట్లా ఉన్నాయా చూస్తే సగం సందేహం తీరుతుంది. 48 గంటలయ్యాక గుంటకో చుక్క ల్యూగాల్ అయోడిన్ వేసి ఎదుగుదల ఆపి, గుడ్లను, మొదటి దశ లార్వాలను లెక్కపెట్టండి.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీ గొర్రెలో హీమాంకస్ ఒక్కటే లేకపోవచ్చు. నెమటోడైరస్ అనే మరో నట్ట గుడ్లు పెద్దవిగా ఉంటాయి, రెండు రోజుల్లో పగలవు. ట్రైక్యురిస్ అనే నట్ట గుడ్లూ అంత త్వరగా పగలవు. హీమాంకస్ వర్గానికే చెందిన మిగతా స్ట్రాంగైల్ నట్టల గుడ్లను హీమాంకస్ గుడ్ల నుంచి చూపుతో విడదీయలేం. అందుకే పెంటికలను తేమగా 27 డిగ్రీల దగ్గర ఏడెనిమిది రోజులు పెంచి, మూడో దశ లార్వాలను చూసి జాతి నిర్ధారించుకోవాలి. వీలైతే హీమాంకస్ మాత్రమే ఎక్కించిన దాత గొర్రెపిల్లను విడిగా పెట్టుకోవడం మేలు.

పోలిక కోసం సారం వేయకుండా ఉంచాల్సిన గుంటలు మూడు రకాలు. నీళ్లు ఒకటి. సారం కరిగించడానికి వాడిన డి.ఎం.ఎస్.ఓ. లేదా ట్వీన్ ఒకటి, ఇది అన్ని గుంటల్లోనూ ఒకే శాతంలో ఉండాలి, డి.ఎం.ఎస్.ఓ. 1 శాతం దాటకూడదు. మూడోది ఆల్బెండజోల్ తరగతికే చెందిన థయాబెండజోల్. మి.లీ.కు 0.1 మైక్రోగ్రామ్ దగ్గర సగానికి మించి గుడ్లు పగిలితే మీ దగ్గరున్నవి ఆ తరగతి మందును తట్టుకునే నట్టలు. ఆ విషయం మీ సారం ఫలితం పక్కనే రాయాలి. మందు తట్టుకునే నట్టల మీద కూడా సారం పనిచేస్తే ఆ ఫలితానికి మరింత విలువ.

పగలని గుడ్లను రెండు కుప్పలుగా రాసుకోమని మా సలహా. కొన్నింటిలో కణాల ముద్ద అలాగే ఆగిపోయి ఉంటుంది. మరికొన్నింటిలో లార్వా పూర్తిగా తయారై, లోపల మెలికలు తిరుగుతూ కూడా బయటికి రాలేకపోతుంది. మొదటిది ఎదుగుదలను ఆపే విషం లక్షణం. రెండోది టానిన్లు (వగరు పదార్థాలు) ఉన్న మొక్కల్లో తరచూ కనిపిస్తుంది. ‘నిరోధం 92 శాతం’ అని ఒక్క అంకె రాస్తే ఈ తేడా తెలియదు.

ప్రశ్న: మా సారం మి.లీ.కు 25 మి.గ్రా. గాఢతలో నూరు శాతం గుడ్లను ఆపింది. ఇక గొర్రెల్లో పరీక్షించవచ్చా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కాగితం మీద ఒక లెక్క వేయండి. 25 కిలోల గొర్రె ముందు పొట్టల్లో 5 లీటర్ల పదార్థం ఉందనుకుందాం. అక్కడ మి.లీ.కు 25 మి.గ్రా. గాఢత రావాలంటే 125 గ్రాముల సారం కావాలి. వంద గ్రాముల ఆకు పొడికి 12 గ్రాముల సారం వస్తుందనుకుంటే, ఒక్క గొర్రెకు కిలోకు పైగా ఎండు పొడి కావాలి. పచ్చి ఆకు లెక్కన సుమారు మూడు కిలోలు. అదే గొర్రెకు ఆల్బెండజోల్ కిలోకు 5 మి.గ్రా. చొప్పున 125 మిల్లీగ్రాములు చాలు. తేడా వెయ్యి రెట్లు.

పైగా పొట్ట కదలని పళ్లెం కాదు. నట్ట ఉన్న నాలుగో పొట్టలోకి పదార్థం వస్తూ పోతూ ఉంటుంది. అంతకు ముందే రూమెన్ (మొదటి పొట్ట) సూక్ష్మజీవులు సారంలోని చాలా పదార్థాలను విరగ్గొడతాయి, కొన్ని మేతలోని ప్రొటీన్లకు అతుక్కుపోతాయి. పళ్లెంలో 48 గంటలు మందులో మునిగి ఉన్న గుడ్డుకూ, పొట్ట గోడను పట్టుకుని ఉన్న పెద్ద నట్టకూ అందే మందు ఒకటి కాదు. పళ్లెంలో గెలిచిన సారాలు గొర్రెలో ఓడిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

అందుకే పరీక్షను 50, 25 లాంటి పెద్ద అంకెల దగ్గర ఆపవద్దు. 5 నుంచి మొదలుపెట్టి 2.5, 1.25, 0.625, 0.312 మి.గ్రా. వరకు సగం సగం తగ్గిస్తూ వెళ్లండి. సగం గుడ్లను ఆపే గాఢతను దాని విశ్వాస అవధితో సహా లెక్కకట్టండి. అది 1 మి.గ్రా. కంటే కిందికి వస్తే గొర్రె దాకా వెళ్లే ఆలోచన చేయవచ్చు. 10 పైన ఉంటే సారాన్ని భాగాలుగా విడదీసి, చురుకైన భాగాన్ని పట్టుకోవాలి. ఇవి నియమావళిలోని హద్దులు కావు, పై లెక్కను బట్టి మేమిచ్చే సలహా.

ప్రశ్న: పెద్దలు కషాయం కాచి ఇచ్చేవారు. పరిశోధనల్లో మాత్రం మెథనాల్ వాడతారు. ఏది సరైనది?
– పశుసంవర్ధక సహాయకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఏ ప్రశ్నకు జవాబు కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. ఊళ్లో వాడే కషాయం పనిచేస్తుందా అని తేల్చాలంటే అదే కషాయాన్ని, అదే పాళ్లలో, అదే సేపు కాచి పరీక్షించాలి. మెథనాల్ సారం ఫలితం చూపి కషాయం మంచిదనడం తప్పు. మెథనాల్ లాగే పదార్థాలు వేరు, నీరు లాగేవి వేరు. అలాగే, కషాయం ఓడిపోయిందని మొక్కను వదిలేయడమూ తొందరపాటే. చైనా శాస్త్రవేత్త తు యూయూ 1971లో మలేరియా మందు మొక్కను మరిగించడం మాని, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసినప్పుడే దాని శక్తి బయటపడింది. 2015లో ఆమెతో పాటు నోబెల్ పంచుకున్న కాంబెల్, ఒమురాల ఆవిష్కరణే మన గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్‌కు మూలం.

సారం తీసే పద్ధతి ఇది. ఆకును నీడలో, గాలి తగిలే చోట పెళపెళలాడేదాకా ఆరబెట్టాలి. ఎండలో వేస్తే కొన్ని పదార్థాలు పాడవుతాయి. సరిగా ఆరకపోతే బూజు పడుతుంది, అప్పుడు మీరు పరీక్షించేది బూజు విషాన్ని కూడా. 100 గ్రాముల పొడికి లీటరు 70 శాతం మెథనాల్ పోసి, 72 గంటలు అప్పుడప్పుడు కుదుపుతూ నానబెట్టండి. మల్లు గుడ్డలో, ఆ తర్వాత వాట్‌మన్ నంబర్ 1 కాగితంలో వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయండి. వచ్చిన సారాన్ని తూచి, నూరు గ్రాముల పొడికి ఎంత వచ్చిందో తప్పక రాయండి. ఆ అంకె లేకపోతే పై జవాబులో వేసిన లెక్క ఎవరూ వేయలేరు. మెథనాల్ కొంచెం మిగిలినా లార్వాలు చస్తాయి. కాబట్టి ఆకు వేయకుండా మెథనాల్ మాత్రమే అదే తీరున ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని విడి గుంటలో పరీక్షించాలి.

మొక్క ఏదో నిర్ధారించుకోవడం ఇంకా ముఖ్యం. నట్టలకు వాడే వాయువిడంగాల పేరుతో అంగడిలో అమ్మే ఎండు పండ్లలో ఎంబీలియా రైబ్స్ ఉండొచ్చు, దాని దగ్గరి జాతి ఉండొచ్చు, మైర్సిన్ పండ్లూ ఉండొచ్చు. కొన్నదాని నుంచి గుప్పెడు తీసి సంచి మీద తేదీ, కొన్న ఊరు రాసి దాచండి. మొక్కను మీరే కోస్తే పువ్వు, కాయతో ఉన్న కొమ్మను ఒత్తి ఆరబెట్టి, వృక్షశాస్త్ర విభాగం హెర్బేరియంలో (ఎండు మొక్కలను భద్రపరిచే చోట) ఇచ్చి నంబరు తీసుకోండి.

ప్రశ్న: కబేళాలో దొరికే పెద్ద నట్టల మీద నేరుగా పరీక్షించవచ్చు కదా?
– పశువైద్య విద్యార్థి, గన్నవరం

జవాబు: చేయవచ్చు, కానీ సమయంతో పరుగు. కోసిన వెంటనే నాలుగో పొట్టను రెండు చివర్లా దారంతో కట్టి వేరుచేసి, గంటలోపు తెరవాలి. నట్టలను గీకకుండా బ్రష్‌తో 37 డిగ్రీల ఫాస్ఫేట్ ఉప్పునీటిలోకి తీయాలి. రక్తంతో నిండిన పేగు చుట్టూ తెల్లటి గర్భనాళం మెలిదిరిగి ఉన్నవి ఆడవి, కంటికే కనిపిస్తాయి. చురుగ్గా కదిలేవాటినే ఎంచి గిన్నెకు పదేసి వేయండి, ఒక్కో గాఢతకు మూడు గిన్నెలు. 1, 2, 4, 6 గంటలకు కదలిక రాసుకోండి. కదలని నట్టను చచ్చిందని వెంటనే రాయవద్దు. మందు లేని గోరువెచ్చటి ఉప్పునీటిలో అరగంట ఉంచి చూడండి, తేరుకుంటే అది మైకమే. ఉత్త ఉప్పునీటిలోని నట్టలే సోలిపోతుంటే అక్కడితో పరిశీలన ఆపాలి. పొట్ట వెలుపల అవి ఎంతోసేపు నిలవవు, 24 గంటలకు రాసిన చావుకు అర్థం ఉండదు.

ప్రశ్న: మోదుగ గింజల పొడిని గొర్రెపిల్లలకు ఇచ్చాం. రెండు వారాల్లో గుడ్లు 60 శాతం తగ్గాయి. ఫలితం బాగున్నట్లేనా?
– రైతు ఉత్పత్తిదారుల సంఘం, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: మందు ఇవ్వని పిల్లల గుంపును పక్కన పెట్టారా అన్నది మీ ఉత్తరంలో లేదు. తీర్పు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. ఉదాహరణకు మందిచ్చిన గుంపులో గుడ్లు 2,000 నుంచి 800కు తగ్గాయి, అంటే 60 శాతం. మందివ్వని గుంపులో కూడా అదే రెండు వారాల్లో 2,000 నుంచి 1,200కు తగ్గాయనుకుందాం. మేత మెరుగైనా, పిల్లల ఒంట్లో నిరోధక శక్తి వచ్చినా, నట్టలు గుడ్లు పెట్టడం కొన్నాళ్లు తగ్గించినా ఇలా జరుగుతుంది. అప్పుడు 800ను 2,000తో భాగిస్తే 0.4. దాన్ని 2,000 బై 1,200తో, అంటే 1.67తో గుణిస్తే 0.67. ఒకటిలోంచి తీసేస్తే మీ మందు పని 33 శాతమే. మందుల పరీక్షలకు అంతర్జాతీయంగా పాటించే కొలమానంలో 90 శాతం దాటితేనే సమర్థమైన మందు, 80కి తక్కువైతే చాలనిది.

గుడ్లు లెక్కించే పద్ధతి కూడా ఒకేలా ఉండాలి. 2 గ్రాముల పెంటిక, 28 మి.లీ. ఉప్పు ద్రావణం బాగా కలిపి వడకట్టి, మెక్‌మాస్టర్ స్లైడు రెండు గదులూ నింపి, రెండు నిమిషాలాగి లెక్కపెట్టండి. రెండు గదుల మొత్తాన్ని 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. ఒక్క గుడ్డు తేడా 50గా కనిపిస్తుంది కనుక తక్కువ గుడ్లున్న పిల్లలను పరీక్షలో పెట్టవద్దు. పారుడు పెడుతున్న పిల్ల పెంటికలో నీళ్లు ఎక్కువై గుడ్లు తక్కువగా కనిపిస్తాయి, అదీ రాసుకోవాలి.

మళ్లీ చేసేటప్పుడు 3–6 నెలల పిల్లలను బరువును, గుడ్ల సంఖ్యను బట్టి వరసపెట్టండి. పై నుంచి మూడేసి పిల్లలను తీసుకుని, ఏది ఏ గుంపుకో చీటీ వేసి పంచండి. మందివ్వని గుంపు, మోదుగ గుంపు, లెవామిజోల్ గుంపు. గుంపుకు పది ఉంటే మంచిది. నీరసించినవన్నీ మందు గుంపులోకి చేరడం జాలితో జరిగే పొరపాటు, దానివల్ల లెక్క చెడుతుంది. మూడు గుంపులూ ఒకే మేత, ఒకే దొడ్డి. 0, 7, 14, 21 రోజుల్లో గుడ్లు, రక్తంలో ఎర్రకణాల శాతం, బరువు చూడండి. లెక్కపెట్టేవారికి ఏ డబ్బా ఏ గుంపుదో తెలియకూడదు. మందివ్వని గుంపులో ఏ పిల్లకైనా కనురెప్ప లోపలి పొర తెల్లబడితే ఆ పిల్లను వెంటనే పరీక్ష నుంచి తీసి వైద్యం చేయించాలి. ఈ ఏర్పాటు ముందే రాసుకోకుండా పరీక్ష మొదలుపెట్టకండి.

ఇలాంటి పరీక్షకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి ఉండాలి. సంఘంగా మీరు ఒంటరిగా చేయకుండా రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం లాంటి సంస్థతో కలిసి చేస్తే ఆ అనుమతి, పరికరాలు రెండూ సమకూరతాయి.

ప్రశ్న: ఆకు మందే కదా, ఎక్కువైనా ప్రమాదం లేదంటారు. నిజమేనా? సీతాఫలం గింజల పొడి తాగించవచ్చా?
– మేకల పెంపకందారు, వికారాబాద్ జిల్లా

జవాబు: నిజం కాదు, సీతాఫలం గింజల పొడి తాగించవద్దు. అందులోని ఎసిటోజెనిన్లు కణాల్లో శక్తి తయారీని అడ్డుకుంటాయి, నట్టకైనా మేకకైనా అదే దెబ్బ. ఆ పొడి కంట్లో పడితే కన్ను తీవ్రంగా వాచి దెబ్బతింటుంది. నూరేటప్పుడు మీరూ జాగ్రత్తగా ఉండాలి. జిల్లేడు గుండె మీద పనిచేస్తుంది. వాయువిడంగాల్లోని ఎంబెలిన్ ఎలుకల్లో సంతాన శక్తిని తగ్గించింది కనుక చూలు జీవాలకు, విత్తన పొట్టేళ్లకు దూరంగా ఉంచడం మంచిది. ఒకప్పుడు ఐరోపాలో బద్దె పురుగులకు విరివిగా వాడిన మగ ఫెర్న్ సారం చూపు పోగొడుతుందని తెలిసి వాడకం తగ్గిపోయింది.

పరిశోధకులు కొత్త సారాన్ని ముందు ఎలుకల్లో కిలోకు 2,000 మి.గ్రా. వరకు ఇచ్చి చూస్తారు. తర్వాత గొర్రెల్లో కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేస్తారు. పాలలో, మాంసంలో ఏం మిగులుతుందో తేలాలి. ఇవేవీ జరగని మందును మందకంతటికీ ఒకేరోజు తాగించడం మాత్రం వద్దు.

ప్రశ్న: సారాల గొడవ లేకుండా, మేతగానే ఇస్తే నట్టలు తగ్గే చెట్లున్నాయా?
– గొర్రెల పెంపకందారు, ప్రకాశం జిల్లా

జవాబు: ఉన్నాయి. మొక్కల వైపు నుంచి ఇప్పటికి బాగా నిలబడిన దారి ఇదేనని మా అభిప్రాయం. టానిన్లున్న మేత రోజూ అందితే నట్టలు గుడ్లు తక్కువగా పెడతాయి, కొత్తగా మింగిన లార్వాలు పొట్టలో కుదురుకోలేవు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సెరీషియా లెస్పెడీజా అనే పప్పుజాతి మేతను ఎండబెట్టి గొర్రెలకు, మేకలకు ఇస్తూ హీమాంకస్‌ను అదుపులో పెడుతున్నారు. మన దగ్గర తుమ్మ, జమ్మి, రేగు ఆకుల్లో టానిన్లున్నాయి. సుబాబుల్‌లోనూ ఉన్నాయి గానీ దానిలో మైమోసిన్ అనే విషం కూడా ఉంది. మొత్తం మేతలో మూడో వంతు మించితే బొచ్చు రాలుతుంది, గొంతు గ్రంథి వాస్తుంది.

పాళ్లు చూసుకోవాలి. మేత ఎండు బరువులో టానిన్లు 3–4 శాతం ఉంటే మేలు, 5–6 దాటితే జీవాలు మేత తగ్గిస్తాయి, ప్రొటీన్ ఒంటబట్టదు, బరువు పడిపోతుంది. ఫలితం వారాల మీద కనిపిస్తుంది, కనుక ఇది జబ్బు ముదిరిన గొర్రెకు వైద్యం కాదు. దీనితో పాటు దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా కార్డు సంపాదించండి. కింది కనురెప్ప లోపలి రంగును అయిదు మెట్లతో పోల్చి, 4, 5 మెట్లలో ఉన్నవాటికే తప్పక మందు వేయాలి. 1, 2 ఉన్నవాటిని వదిలేయాలి. మూడో మెట్టు దగ్గర పిల్లలకు, పాలిచ్చే తల్లులకు వేయడం మంచిది. మందు తగలని నట్టలు కొన్ని మందలో మిగిలితేనే నిరోధకత నెమ్మదిస్తుంది. వానాకాలంలో రెండు వారాలకోసారి కళ్లు చూడాలి.

ఏ చెట్టులో పనిచేసేది టానినేనా అని తెలుసుకోవాలనుకునే విద్యార్థులకు ఒక మాట. సారాన్ని పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి పరీక్షించండి. ఆ పదార్థం టానిన్లను పట్టేస్తుంది. కలిపాక గుడ్లు మామూలుగా పగిలితే పని టానిన్లదే. అయినా పగలకపోతే అందులో వేరే పదార్థం ఉంది, దాన్ని వెతకాలి.